ఒక్క నిమిషం ఆగే ఊళ్ళు

రామతీర్థానికి రైలు లేదు. రాములవారి దర్శనానికి రైల్లో వచ్చేవాళ్ళు నెల్లిమర్లలో దిగి, ఆటో ఎక్కి, పొలాల మధ్య నుంచి తూర్పుగా కొన్ని కిలోమీటర్లు పోవాలి. ముందు కొండలు కనిపిస్తాయి. పెద్దగా చెట్టూ చేమా లేని రాతి కొండలు. గురుభక్తులకొండ మీద బౌద్ధుల స్తూపాలు, విహారాల పునాదులు ఉన్నాయి. దుర్గకొండ గుహల్లో జైన తీర్థంకరుల శిల్పాలు, పదకొండో శతాబ్దం తొలినాళ్ళలో ఏలిన తూర్పు చాళుక్య విమలాదిత్యుడి కాలపు శాసనం ఉన్నాయి. నీలాచలం మీద కోదండరాముడి గుడి, కింద కోనేరు, పూసపాటి రాజులు పోషించిన రామాలయం. భిక్షువులు, జైన మునులు, రామభక్తులు, శివరాత్రి జాతరకు జాగారం చేయవచ్చే పల్లెజనం, అందరూ నడిచో బండి కట్టుకునో వచ్చిన చోటు ఇది. 1910 ప్రాంతాల్లో పురావస్తు శాఖ తరఫున అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపించే నాటికి కొండల పడమటి పక్కన పట్టాలు పడి దశాబ్దంన్నర దాటింది.

రామతీర్థం కొండల గురించి చాలామంది రాశారు. వాటి పక్క నుంచి పోయే పట్టాల గురించి, ఆ పట్టాల వెంట పెరిగిన చిన్న ఊళ్ళ గురించి రాసినవాళ్ళు తక్కువ. విజయనగరం దాటి ఉత్తరానికి పోయే పాసింజరు ఎక్కితే చంపావతి వంతెన వస్తుంది, ఆ వెంటనే నెల్లిమర్ల. తరవాత గరివిడి, చీపురుపల్లి, సిగడాం, పొందూరు, దూసి, ఆమదాలవలస. ఇంకా పైకి ఊర్లాం, తిలారు, కోటబొమ్మాళి, నౌపడ, పూండి, పలాస. దూరప్రయాణం ఎక్స్‌ప్రెస్సులో పోయేవాడికి ఇవన్నీ కిటికీ పక్కన చదివేలోపు వెనక్కి పోయే పసుపు బోర్డులు. ఉత్తరాంధ్ర వాళ్ళకు మాత్రం వీటిలో ఒక్కొక్కటీ ఒక్కో సరుకు, ఒక్కో పని, ఒక్కో వలస. ఉప్పు, గోగునార, మాంగనీసు, ఖద్దరు, జీడిపప్పు: ఈ లైను సరుకు లెక్క తీస్తే ఈ ఊళ్ళ పేర్లే వస్తాయి.

కరువు వేయించిన దారి

1866లో ఒరిస్సాను, దాని పక్కనున్న గంజాం జిల్లాను కరువు పట్టింది. ఒరిస్సాలో చనిపోయినవాళ్ళ సంఖ్య పది లక్షల దాకా ఉంటుందని చరిత్రకారులు లెక్కకట్టారు. దేశంలో ధాన్యం లేక అంతమంది పోలేదు. ఉన్న ధాన్యాన్ని ఆ తీరానికి తెచ్చే దారి లేక పోయారు. వానకాలంలో సముద్రం మీద ఓడ నిలవదు, నేల మీద బండి కదలదు. 1880లో కరువు కమిషన్ కరువు ప్రాంతాలకు రైలు మార్గాలు వేయాలని గట్టిగా చెప్పింది. 1889లో గంజాం మళ్ళీ ఎండిపోయింది. ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో పెద్ద భాగం అప్పట్లో ఆ గంజాం జిల్లాలోదే.

ఆ తరవాత పని వేగంగా సాగింది. 1893 నుంచి 1896 లోపల బెజవాడ నుంచి కటకం దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది. విజయనగరంలో గురజాడ కన్యాశుల్కం మొదటిసారి ఆడింది 1892లో. నాటకం చూసి ఎడ్లబండ్లలో ఇళ్ళకు మళ్ళినవాళ్ళలో చాలామంది నాలుగేళ్ళలోపే ఇంజను కూత విని ఉంటారు. 1902లో ఈ ఉత్తరపు భాగం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతిలోకి వెళ్ళింది. పాతతరం వాళ్ళు ‘బీయన్నార్’ అనేది దాన్నే. 1944లో ఆ కంపెనీని ప్రభుత్వం తీసుకుంది. 1955లో ఆగ్నేయ రైల్వే వచ్చింది, 2003లో ఈ భాగం తూర్పు కోస్తా రైల్వే అయింది. యజమానులు మారారు గాని పట్టాలు మొదట వేసిన దారినే పోతున్నాయి.

ఆ దారిని ఎంచుకోవడం తేలికైన పని కాదు. ఒకవైపు తూర్పు కనుమల పాదాలు, మరోవైపు సముద్రం. మధ్య ఉన్న సన్నటి మైదానాన్ని ఏరులు అడ్డంగా కోస్తాయి. నెల్లిమర్లకు ఇవతల చంపావతి, దూసి దగ్గర నాగావళి, తిలారు చేరకముందు వంశధార. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక మేటలే కనిపించే ఈ ఏళ్ళకు ఒక్క వాయుగుండం పట్టిందంటే ఒడ్లు కనపడవు. వంతెన ఎక్కడ నిలుస్తుందో అక్కడికే లైను వెళ్ళింది, పాత పట్టణాలను వెతుక్కుంటూ పోలేదు. శ్రీకాకుళం వంటి పట్టణం పక్కకు మిగిలిపోయి, పదమూడు కిలోమీటర్ల దూరాన ఆమదాలవలసలో ‘శ్రీకాకుళం రోడ్’ స్టేషను లేచింది. తీరాన భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవుల నుంచి అప్పటిదాకా పడవల మీద ఓడకెక్కిన నువ్వులు, నార, ధాన్యం మెల్లగా స్టేషన్ల గూడ్సుషెడ్లకు మళ్ళాయి. భీమిలి రేవు వ్యాపారం చిక్కిపోయింది. ఒక రేవు తగ్గితే నాలుగు స్టేషన్లు పెరిగాయి. ఈ ప్రాంతపు ఆర్థిక చరిత్రలో ఇంతకంటే పెద్ద మలుపు మరొకటి లేదని నా నమ్మకం.

గోగునార, మిల్లు కూత

నెల్లిమర్ల అలా పెరిగిన ఊరే. చుట్టుపక్కల మెట్టపొలాల్లో గోగు పండేది. కోసిన గోగును కట్టలు కట్టి, చెరువుల్లో, గెడ్డల్లో ముంచి, మీద బరువు పెట్టి రోజుల తరబడి ఊరవేసేవారు. నీళ్ళు నల్లబడి ఊరంతా ఆ వాసన ముసిరేది. మొలలోతు నీళ్ళలో నిలబడి, కాడను విరిచి, నారను ఒలిచి, నీళ్ళ మీద బాది కడిగి, దండేల మీద ఆరవేసేవారు. ఆ పని చేసినవాళ్ళ చేతులు, కాళ్ళు పాచి పట్టి పగిలిపోయేవి. ఈ నారే భీమిలి రేవు నుంచి విదేశాలకు పోయింది, ఆ రేవు పేరుతోనే లోకంలో ‘బిమ్లి’ జనపనారగా అమ్ముడైంది. నారకు, నీళ్ళకు, రైలుకు మూడింటికీ అందుబాటులో ఉన్న చోట జూట్‌మిల్లు పెట్టాలంటే చంపావతి ఒడ్డున, స్టేషను పక్కన ఉన్న నెల్లిమర్ల సరిగ్గా సరిపోయింది. ఇక్కడి నార చాలనప్పుడు బెంగాలు జనపనార ఇదే లైను మీద దిగేది. గోనెసంచులు ఇదే లైను మీద ఎక్కేవి.

మిల్లు వచ్చాక ఊరికి కాలం లెక్క మారింది. షిఫ్టు కూతలు, బండి వేళలు కలిసి రోజును కోసి పంచాయి. గరివిడి వైపు నుంచి, విజయనగరం వైపు నుంచి కార్మికులు పాసింజర్లలో, మిగతావాళ్ళు సైకిళ్ళ మీద వచ్చేవారు. స్టేషను రోడ్డులో టీ కొట్లు, పుస్తెలు కుదువ పెట్టుకునే కొట్లు, యూనియన్ జెండా దిమ్మలు వెలిశాయి. జరజాపుపేటను కలుపుకొని నేడు నెల్లిమర్ల నగర పంచాయతీ అయింది. దీన్ని ఊరి స్థాయి దాటించింది మాత్రం పాతరోజుల మిల్లు జీతాలే.

ఆ జీతాలు ఎప్పుడూ నిలకడగా లేవు. మిల్లు ఎన్నోసార్లు మూతపడింది, తెరుచుకుంది, మళ్ళీ మూతపడింది. ప్లాస్టిక్ సంచి వచ్చాక గోనెకు గిరాకీ తగ్గింది, పొలంలో గోగు విస్తీర్ణమూ పడిపోయింది. 1994 జనవరిలో నెల్లిమర్లలో ఆందోళన చేస్తున్న మిల్లు కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఏటా జనవరి నెలలో ఎర్రజెండాలు కట్టి ఊరు వాళ్ళను తలుచుకుంటుంది. నెల్లిమర్ల చరిత్ర రాసేవాళ్ళు వంతెన కట్టిన ఏడాదితో పాటు ఆ జనవరిని కూడా రాయాలి.

ఎర్రమట్టి కింద నల్లరాయి

నెల్లిమర్ల దాటితే గరివిడి, చీపురుపల్లి. ఇక్కడ కథ భూమి లోపలిది. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది ఈ నేలలోనే, 1890ల తొలినాళ్ళలో, విజయనగరం జమీందారీలోని కోడూరు ప్రాంతంలో. తరవాత గర్భాం గనికి పేరు వచ్చింది. బ్రిటన్ ఉక్కు ఫ్యాక్టరీలకు గట్టిపడే ఉక్కు కావాలి, దానికి మాంగనీసు కావాలి. అదే సమయంలో ఈ పొలాల మధ్య నుంచి రైలు వచ్చింది. లైను పడకపోతే ఆ నల్లరాయి అంత దూరం అంత చవకగా పోయేది కాదు. కూలీలు గడ్డపారలతో తవ్వి, తట్టలతో ఎత్తి, చేత్తో ఏరిన రాయి అది. గనికూలీల్లో ఆడవాళ్ళు తక్కువేమీ కారు.

ఖనిజం కథ ఇక్కడితో ఆగలేదు. మధ్యరాష్ట్రాల మాంగనీసును దగ్గర దారిలో సముద్రానికి చేర్చాలని బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే విజయనగరం నుంచి రాయపూర్‌కు లైను వేయడానికి పూనుకుంది. పార్వతీపురం దాకా 1908-09లో, సాలూరు శాఖ 1913లో, చివరికి రాయపూర్ దాకా 1931లో పూర్తయింది. ఆ లైనుకు చివర రేవు కావాలి కనుక విశాఖపట్నం హార్బరు తవ్వారు. 1933లో అది తెరుచుకుంది. ఇవాళ మహానగరంగా చెప్పుకుంటున్న విశాఖకు రేవును సంపాదించి పెట్టింది పడమటి కొండల అవతలి రాయి, ఈ జిల్లాల గుండా వేసిన పట్టాలు.

1950ల రెండో సగంలో గరివిడి దగ్గర ఫేకర్ ఫ్యాక్టరీ వచ్చింది. ముడిరాయిని ఓడెక్కించడం బదులు ఇక్కడే కరిగించి ఫెర్రో మాంగనీసు చేయడం మొదలైంది. శ్రీరామ్‌నగర్ కాలనీ, బడి, ఆస్పత్రి, స్టేషనులో రద్దీ అన్నీ దానితో వచ్చాయి. ఇలాంటి కొలిమికి ముడిసరుకు కంటే కరెంటే ఖరీదు. కరెంటు రేటు పెరిగిన ప్రతిసారీ గరివిడి గుండె దడదడలాడుతుంది.

పట్టాల వెంట బతికిన మనుషులు

స్టేషను అంటే భవనం అనుకుంటాం. ఈ ఊళ్ళలో అది ఒక చిన్న సమాజం. స్టేషను మాస్టరు క్వార్టరు, అసిస్టెంటు మాస్టర్ల క్వార్టర్లు, కొంచెం దూరంగా వరసగా గ్యాంగు ఇళ్ళు, ఒక బావి, ఒక చింతచెట్టు, బాయిలరు ఇంజన్ల కాలంలో నీళ్ళ ట్యాంకు. ఊరివాళ్ళు కానివాళ్ళు ఊరి అంచున వచ్చి స్థిరపడ్డ వాడ అది. బెంగాలీ, ఒరియా, తమిళం, తెలుగు కలిసి వినపడిన మొదటి చోటు చాలా పల్లెలకు స్టేషనే. ఆ ప్లాట్‌ఫారం మీదే పల్లె పిల్లలు మొదటిసారి గోడగడియారం చూశారు, దినపత్రిక చూశారు.

ఒకే లైను ఉన్న రోజుల్లో రెండు స్టేషన్ల మధ్య ఒక్క బండే ఉండాలి. దానికి హామీ టోకెన్. పక్క స్టేషనుకు గంట కొట్టి లైన్ క్లియర్ అడిగి, మిషనులోంచి లోహపు బంతి తీసి, సంచిలో పెట్టి, బెత్తపు రింగుకు తగిలించి, పోతున్న ఇంజనుకు అందించాలి. డ్రైవరు చెయ్యి రింగులో దూర్చి అందుకుంటాడు, పాత టోకెన్ రింగును విసిరేస్తాడు. రాత్రి, వానలో, ఆగకుండా పోయే మెయిలుకు రింగు అందించడం ప్రాణం మీది పని. ఆ బంతి చేతిలో లేకుండా డ్రైవరు స్టేషను దాటకూడదు.

అంతకంటే కష్టం కీమన్‌ది. భుజాన సుత్తి, స్పానరు, జెండాలు వేసుకొని తన బీటంతా రోజూ నడవాలి. వదులైన కీని బిగించాలి, పట్టాలో వెంట్రుకంత పగులును కంటితో పట్టాలి. ఎండాకాలం మధ్యాహ్నం పట్టా సాగి వంకర తిరిగే ప్రమాదం, వానకాలం రాత్రి కట్ట కోసుకుపోయే ప్రమాదం. వానల్లో లాంతరు, పటాసులు పట్టుకొని రాత్రంతా గస్తీ తిరగాలి. గండి కనపడితే పట్టా మీద పటాసులు కట్టి, బండికి ఎదురుగా పరుగెత్తాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, ఈ జిల్లాలను చితక్కొట్టిన తరవాత లైను మీద పడ్డ చెట్లు నరికి, వైర్లు లేపి, బండి నడిపించింది ఈ మనుషులే. వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

ఈ పట్టాల మీదే ఉత్తరాంధ్ర వలస పోయింది. సముద్రం మీద రంగూన్‌కు పోయినవాళ్ళ కథ తరచూ చెప్పుకుంటాం. రైలెక్కి ఖరగ్‌పూర్‌కు పోయినవాళ్ళ కథ అంతగా చెప్పుకోం. బీయన్నార్ ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాపు పెట్టాక ఈ జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు బండెక్కాయి. ఫిట్టర్లు, ఖలాసీలు, క్లీనర్లు. అక్కడ తెలుగు బళ్ళు, గుళ్ళు, అమ్మవారి పండగలు పుట్టాయి. ఇప్పటికీ ఖరగ్‌పూర్‌లో తెలుగు పేటలు ఉన్నాయి. సంక్రాంతికి వాళ్ళ బంధువులు సిగడాంలోనో పొందూరులోనో దిగుతారు. 1927లో ఖరగ్‌పూర్ కార్మికులు చేసిన పెద్ద సమ్మె వెనక బీయన్నార్ కార్మిక సంఘాన్ని నిర్మించిన వి.వి. గిరి ఉన్నారు. పదేళ్ళకు, 1937 ఎన్నికల్లో ఆయన బొబ్బిలి రాజాను ఓడించారు. రైల్వే కూలీల మధ్య నేర్చిన మాట, జమీందారుకు ఎదురుగా నిలబడే ధైర్యం వట్టి కాకతాళీయంగా కలిసినవి కావు. గిరి తరవాత రాష్ట్రపతి అయ్యారన్నది అందరికీ తెలుసు. ఆయన రాజకీయం పట్టాల పక్కన పుట్టిందన్నది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

నౌపడ నుంచి కొండల్లోకి

ఈ లైనులో నాకు మిక్కిలి ఇష్టమైన చోటు నౌపడ. ఊరికి తూర్పుగా ఉప్పు కొఠారులు. ఉప్పునీటి మడుల్లో ఎండ కాసినంతకాలం తెల్లటి గుట్టలు లేస్తాయి. ఉప్పు ఉంది, మెయిన్ లైను ఉంది. పడమటికి నలభై కిలోమీటర్లలో పర్లాకిమిడి సంస్థానం ఉంది. ఈ రెండు ఊళ్ళనూ కలపాలని పర్లాకిమిడి రాజు గౌరచంద్ర గజపతి నారాయణదేవ్ తలచాడు. సుమారు ఏడు లక్షల రూపాయల ఖర్చుతో, రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలతో పర్లాకిమిడి లైట్ రైల్వే కట్టించాడు. 1900 ఏప్రిల్ 1న అది నడక మొదలుపెట్టింది.

మొదట నష్టాలు. పది పన్నెండేళ్ళకు గాని కాస్త లాభం కనపడలేదు. 1924-25 తరవాత ఆదాయం పెరిగింది. ఆ ధైర్యంతో 1929 నుంచి 1931 లోపల లైనును వంశధార లోయ వెంట గుణుపురం దాకా పొడిగించారు. మొత్తం తొంభై కిలోమీటర్లు. టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగరం మీదుగా సవర కొండల అంచుకు. కొండల మీంచి చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు కిందికి దిగేవి. ఉప్పు, కిరసనాయిలు, బట్టలు పైకెక్కేవి. గిరిజనుడికి ఉప్పు అంటే ఏమిటో తెలిసినవాళ్ళకు ఈ బుల్లి రైలు విలువ వేరే చెప్పక్కర్లేదు. వేగం తక్కువ. ఎక్కు దగ్గర ఇంజను ఆయాసపడితే కుర్రాళ్ళు దిగి పక్కన నడిచి మళ్ళీ ఎక్కేవారని ఇప్పటికీ టెక్కలి వైపు ముసలివాళ్ళు చెబుతారు. ‘బేగి ఎక్కండర్రా’ అని గార్డు కేకేసి, పొలం గట్టు మీద పరుగెత్తుకొస్తున్న ముసలమ్మ కోసం జెండా ఊపకుండా ఆగేవాడట.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయినప్పుడు ఈ లైను మధ్యకు హద్దు వచ్చి పడింది. పాతపట్నం ఇటు, పర్లాకిమిడి అటు. రెండూ పక్క పక్క ఊళ్ళే. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చి, తెలుగులో వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు తన ఉద్యోగకాలమంతా గడిపిన పర్లాకిమిడిని ఆ విభజనతో వదిలి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఉత్తరాంధ్రకు ఆ నష్టం చిన్నది కాదు. రైలు మాత్రం హద్దును లెక్కచేయలేదు. రెండు రాష్ట్రాల పిల్లలు ఒకే పెట్టెలో కూర్చొని కాలేజీకి వెళ్ళారు. పెళ్ళిసంబంధాలు ఆ పట్టాల మీదే నడిచాయి.

2004 జూన్‌లో చిన్న రైలు ఆగిపోయింది. పట్టాల వెడల్పు పెంచి, 2011 ఆగస్టులో గుణుపురం దాకా పెద్ద బండి వచ్చింది. ఏడేళ్ళు ఆ లోయకు రైలు లేదు. పెద్ద బండి అవసరమే, విశాఖ దాకా నేరుగా పోవచ్చు. అయినా 1900 నాటి స్టేషను కట్టడాలు, పాత ఇంజన్లలో ఒకదాన్నైనా నౌపడలోనే నిలిపి, పక్కన రెండు జిల్లాల పిల్లలు చూసేటట్లు ఒక గది కట్టి ఉండాల్సింది. డార్జిలింగ్ బుల్లి రైలును 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. మన నేల మీద ఒక రాజు సొంత ఖజానాతో కట్టి, వందేళ్ళకు పైగా పేదవాళ్ళను మోసిన రైలుకు ఆపాటి గదైనా ఇవ్వలేకపోవడం నాకు బాధగా ఉంది.

బొబ్బిలి నుంచి సాలూరు దాకా పద్దెనిమిది కిలోమీటర్ల శాఖ మరొకటి. చాలాకాలం ఒక్క రైలుబస్సు ఆ దారిని కాపాడింది. లారీల ఊరుగా పేరుపడ్డ సాలూరుకు రైలు పెద్దగా అక్కర్లేదని కొందరంటారు. వాళ్ళు కొండ మీంచి సంతకు దిగేవాళ్ళను అడిగి చూడాలి.

ఆగడం ఎవరి హక్కు

ఇక ఇవాళ్టి మాట. మద్రాసు నుంచి హౌరా దాకా ప్రధాన మార్గం జంట లైను అయింది, 2005 నాటికి మొత్తం విద్యుదీకరణ పూర్తయింది. 2023 ఆగస్టులో భద్రక్ విజయనగరం సెక్షనులో 385 కిలోమీటర్ల మూడో లైనుకు కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోనును 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. 2025 జనవరిలో దాని ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన జరిగింది. వాల్తేరు డివిజన్ విశాఖపట్నం డివిజన్‌గా మారి పలాస దాకా, నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా, బొబ్బిలి సాలూరు శాఖ సహా అందులో ఉండాలని 2025 ఫిబ్రవరిలో నిర్ణయించారు. భోగాపురంలో విమానాశ్రయం లేచింది. ఇవన్నీ మంచివే, కావాల్సినవే.

వేగం పెరిగిన కొద్దీ ఆగే చోట్లు తగ్గుతాయన్నదే నా భయం. 2020 మార్చిలో కోవిడ్‌తో పాసింజర్లు నిలిచిపోయాయి. తిరిగి నడిపినప్పుడు చాలా బండ్లకు ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని పేరు పెట్టి కనీస టికెట్టు పది రూపాయలను ముప్పై చేశారు. 2024 ఫిబ్రవరిలో గాని పది రూపాయలకు మళ్ళీ రాలేదు. గరివిడి నుంచి విజయనగరం పెద్దాసుపత్రికి రోగిని తీసుకుపోయే ఇంటికి, పొందూరు నుంచి విశాఖలో అపార్టుమెంటు పనికి పోయే తాపీమేస్త్రీకి, చీపురుపల్లి నుంచి డిగ్రీ కాలేజీకి వచ్చే ఆడపిల్లకు ఆ ఇరవై రూపాయల తేడా ఎంతో రైల్వే లెక్కల పుస్తకంలో కనపడదు. అప్పట్లో బస్సు టికెట్టు రైలు టికెట్టుకు అనేక రెట్లు. ఆడపిల్లను చదివించాలా మాన్పించాలా అని తండ్రి ఆలోచించే ఇళ్ళలో బండి వేళ, బండి చార్జీ తీర్పు చెప్పేవి.

ఈ బండ్లలో ఎవరు ప్రయాణిస్తారో ప్రమాదాలప్పుడు మాత్రం దేశానికి తెలుస్తుంది. 2013 నవంబరు 2న విజయనగరం దగ్గర గొట్లాంలో, పెట్టెలో మంటలన్న పుకారుతో అలెప్పీ ధన్‌బాద్ ఎక్స్‌ప్రెస్ నుంచి పక్క పట్టాల మీదికి దూకినవాళ్ళ మీంచి ఒక పాసింజరు పోయింది. 2023 అక్టోబరు 29 రాత్రి అలమండ, కంటకాపల్లి మధ్య పలాస పాసింజరును వెనక నుంచి రాయగడ పాసింజరు గుద్దింది. పద్నాలుగు మంది చనిపోయారని అప్పటి లెక్క. ఆదివారం విశాఖ నుంచి ఇళ్ళకు మళ్ళుతున్న మామూలు జనం వాళ్ళు. పత్రికల్లో వచ్చిన చిరునామాల్లో చాలావి ఈ చిన్న స్టేషన్ల చుట్టుపక్కలవే. సిగ్నళ్ళకు, రక్షణ పరికరాలకు పెట్టే ఖర్చులో పాసింజరు నడిచే సెక్షన్లకు ముందు వరస ఇవ్వాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

మూడో లైను వచ్చాక గూడ్సుకు, ఎక్స్‌ప్రెస్సుకు చోటు పెరుగుతుంది. ఇప్పటిలా పాసింజరును లూపులో గంటసేపు నిలిపి పెద్ద బండ్లను దాటించే అవసరం తగ్గుతుంది. ఆ దొరికిన సమయంలో మొదటి వాటా ఈ ఊళ్ళకు ఇవ్వాలి. పొద్దున విశాఖ వైపు, సాయంత్రం పలాస వైపు కూలీలకు, విద్యార్థులకు సరిపోయే వేళల్లో మెము బండ్లు కావాలి. మూడో లైను కోసం గేట్లు మూసి కింద దారులు తవ్వేటప్పుడు వానకాలంలో అవి చెరువులు కాకుండా కట్టాలి. గేటు అవతల పొలం ఉన్న రైతు రెండు కిలోమీటర్లు చుట్టి తిరగాల్సిన పని పడకూడదు. నెల్లిమర్లలో ప్లాట్‌ఫారం మీద నీడ, ఆడవాళ్ళకు శుభ్రమైన మరుగుదొడ్డి, అటూ ఇటూ దాటడానికి ముసలివాళ్ళు ఎక్కగల వంతెన ఉండాలి. స్టేషను నుంచి రామతీర్థం గుడి దాకా బండి వేళలతో కలిసే బస్సు నడపాలి. మహాశివరాత్రికి, భీష్మ ఏకాదశి కల్యాణానికి, శ్రీరామనవమికి ముందు రోజు నుంచి రెండు మూడు ఎక్స్‌ప్రెస్సులకు అక్కడ ఒక్క నిమిషం హాల్టు ఇస్తే, జాతరకు లారీల్లో వేలాడుతూ వచ్చే జనంలో సగం మంది క్షేమంగా వచ్చి పోతారు. కొత్త జోను అధికారులు తమ మొదటి టైంటేబుల్ రాసేటప్పుడు నెల్లిమర్ల ఎదురుగా ఆ ఒక్క నిమిషం రాయాలి.